భాగించకుండానే తేల్చిన సంఖ్య

బాలలూ! చదరంగపు గళ్ళలో గింజల కథ మీలో చాలామంది వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టింపు చేస్తూ అరవైనాలుగు గళ్ళూ నింపి ఇప్పించమని ఒకాయన రాజుగారిని అడిగాడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. తీరా లెక్క వేస్తే దేశంలోని గాదెలన్నీ ఊడ్చినా చాలలేదు. మొత్తం గింజలు 2⁶⁴ − 1. అంటే 18446744073709551615.

రాజుగారి అవస్థ అలా ఉంచి, ఇంకో ప్రశ్న వేసుకుందాం. ఈ సంఖ్య ప్రధాన సంఖ్యేనా? చివర 5 ఉన్నది కాబట్టి కాదని ఆరో తరగతి పిల్లవాడైనా చెప్పగలడు. మరి గళ్ళు 64 కాక 127 ఉంటే? అప్పుడు గింజలు 2¹²⁷ − 1 అవుతాయి. ఆ సంఖ్య ఇది:

170,141,183,460,469,231,731,687,303,715,884,105,727

ముప్పయి తొమ్మిది అంకెలు. చివర 7 ఉన్నది. కనుక 2 గాని 5 గాని దీన్ని భాగించవు. మిగతా వాటి సంగతి?

ఇది ప్రధాన సంఖ్యే. 1876లో తేల్చారు. అప్పటికి కంప్యూటర్లు లేవు. కాగితం, కలం, ఒక మనిషి, అంతే.

ఒకసారి తొమ్మిదో తరగతిలో ఈ సంఖ్యను నల్లబల్ల మీద రాసి ఇదే మాట చెప్పాను. వెనక వరుసలో ఒక అమ్మాయి లేచి, “ఎలా తేల్చారు మాస్టారూ?” అని అడిగింది. గంట కొట్టే వేళయింది. “ఎలా ఏముందమ్మా, ఓపిగ్గా భాగించి చూసుకుని ఉంటారు” అనేసి బయటపడ్డాను. మర్నాడు ఆ అమ్మాయి ఒక కాగితం నిండా లెక్క వేసుకుని వచ్చింది.

ఆమె లెక్క ఏమిటంటే: ఒక సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో చూడాలంటే దాని వర్గమూలం దాకా భాగించి చూస్తే చాలునని మీకు తెలుసు గదా. 127నే తీసుకోండి. 11 × 11 = 121, 12 × 12 = 144. కాబట్టి 2, 3, 5, 7, 11 ఈ అయిదూ భాగించకపోతే 127 ప్రధాన సంఖ్యే. కాని మన ముప్పయి తొమ్మిది అంకెల సంఖ్యకు వర్గమూలమే ఇరవై అంకెలు ఉంటుంది. సరిసంఖ్యలు వదిలేసి బేసి సంఖ్యలతో మాత్రమే భాగిస్తూ, నిద్రాహారాలు మాని సెకనుకు ఒక భాగహారం చొప్పున చేసినా, దాదాపు 20 వేల కోట్ల సంవత్సరాలు పడుతుంది. విశ్వం వయస్సు సుమారు 1380 కోట్ల సంవత్సరాలే!

“కాబట్టి భాగించి ఉండరు మాస్టారూ” అంది. నాకు సిగ్గు వేసిన మాట దాచుకోను. ఆమె అన్నదే నిజం. ఆ సంఖ్యను అలా ఎవరూ భాగించి చూడలేదు. భాగించకుండానే, దీన్ని భాగించే సంఖ్య ఏదీ లేదని రుజువు చేశారు. అది ఎలా సాధ్యమైందో మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

ముందుగా ఈ సంఖ్యల కుటుంబాన్ని పరిచయం చేసుకుందాం. రెండును కొన్నిసార్లు హెచ్చించి, ఒకటి తీసివేస్తే వచ్చేవి ఇవి: 3, 7, 15, 31, 63, 127... వీటిలో ఘాతాంకం సంయుక్త సంఖ్య అయితే ఫలితం కూడా సంయుక్త సంఖ్యే. 2⁶ − 1 = 63 చూడండి. 6ను 3 భాగిస్తుంది. అలాగే 63ను 2³ − 1, అంటే 7, భాగిస్తుంది. గింజల కథలో 64 సంయుక్త సంఖ్య. అందుకే ఆ సంఖ్య తేలికగా విడిపోయింది. కాబట్టి ఘాతాంకం ప్రధాన సంఖ్య కావాలి. కాని అంతమాత్రాన సరిపోతుందా? సరిపోదు. 11 ప్రధాన సంఖ్యే, అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89. పూర్వం కొందరు ఇక్కడే బోల్తా పడ్డారు. 1536లో రెగియస్ అనే ఆయన ఈ 23ను, 89ను చూపించాడు.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి ఒక పుస్తకంలో జాబితా ఇచ్చాడు. 257 వరకు గల ఘాతాంకాలలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 ఇవి మాత్రమే ప్రధాన సంఖ్యలనిస్తాయని రాశాడు. రుజువు చూపలేదు. అయినా ఆయన పేరు మీదనే వీటిని మెర్సెన్ సంఖ్యలంటారు. నాకైతే ఇది కొంచెం అన్యాయంగానే తోస్తుంది, ఎందుకంటే ఆ జాబితాలో అయిదు తప్పులున్నాయి: 67, 257 ఉండకూడదు, 61, 89, 107 ఉండాలి. కాని ఆ తప్పులు బయటపడడానికి రెండు వందల ఏళ్ళకు పైగా పట్టింది. ఆ జాబితా సరిచూడడం కోసమే ఎందరో పెద్దలు కొత్త ఉపాయాలు కనిపెట్టవలసి వచ్చింది.

మొదటి ఉపాయం భాగహారాలను తగ్గించడం. 2¹¹ − 1 కారణాంకాలను మళ్ళీ చూడండి. 23 = 22 × 1 + 1. 89 = 22 × 4 + 1. రెండూ 22 గుణిజానికి ఒకటి కలిపితే వచ్చినవే. 22 అంటే 11కు రెట్టింపు. ఇది కాకతాళీయం కాదు. ఘాతాంకం బేసి ప్రధాన సంఖ్య అయినప్పుడు, దాని రెట్టింపు తాలూకు గుణిజానికి ఒకటి కలిపినవే కారణాంకాలు కాగలవు. ఈ నియమాన్నీ, దీనికి తోడు మరో నియమాన్నీ వాడుకుని ఆయిలర్ 1772లో 2³¹ − 1, అంటే 2147483647, ప్రధాన సంఖ్యేనని తేల్చాడు. అప్పటికి ఆయన చూపు దాదాపు పూర్తిగా పోయింది!

మరి ఇదే ఉపాయం 127కు పనికిరాదా? 254 గుణిజాలకు ఒకటి కలిపినవి మాత్రమే చూస్తే పని బాగా తగ్గిన మాట నిజమే. ఎంతకు తగ్గిందనుకున్నారు? సెకనుకు ఒకటి చొప్పున సుమారు 160 కోట్ల సంవత్సరాలకు. ఇలా లాభం లేదు. భాగించే సంఖ్యల కోసం వెదకడమనే ఆలోచననే వదిలెయ్యాలి.

వెదకడం మానితే తేలేది ఎలా? ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. ప్రధాన సంఖ్యలకు కొన్ని నడవడికలు ఉన్నాయి. ఫెర్మా 1640లో చెప్పిన దాన్నే తీసుకుందాం. ఏదైనా బేసి ప్రధాన సంఖ్యను తీసుకోండి. దానిలో ఒకటి తగ్గించి, అన్నిసార్లు రెండును హెచ్చించండి. ఆ ఫలితాన్ని మీరు తీసుకున్న సంఖ్యతో భాగిస్తే శేషం తప్పకుండా 1 వస్తుంది. 7తో చూద్దాం: 2⁶ = 64. 7 తొమ్ములు 63, శేషం 1. సరిపోయింది. ఇప్పుడు 9తో చూడండి: 2⁸ = 256. 9తో భాగిస్తే శేషం 4. ఒకటి రాలేదు. కనుక 9 ప్రధాన సంఖ్య కాదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. 9 ప్రధాన సంఖ్య కాదని తెలుసుకున్నాం గాని, 3 అనే మాట మనం ఎత్తనే లేదు! కారణాంకం కంటపడకుండానే సంఖ్య గుట్టు తెలిసిపోయింది.

అయితే ఈ పరీక్ష ఒక్కొక్కసారి మోసం చేస్తుంది. 341 ఉన్నది. 2¹⁰ = 1024 = 3 × 341 + 1. అంటే 2¹⁰ను 341తో భాగిస్తే శేషం 1. దాన్ని ముప్పయి నాలుగుసార్లు హెచ్చిస్తే 2³⁴⁰ అవుతుంది. దాని శేషం కూడా 1. 341 పరీక్షలో నెగ్గింది. కాని 341 = 11 × 31! అంటే ఈ పరీక్షలో తప్పిన సంఖ్య నిశ్చయంగా సంయుక్త సంఖ్యే. నెగ్గిన సంఖ్య మాత్రం ప్రధాన సంఖ్య అయి తీరాలని లేదు. కాపీ కొట్టి నెగ్గినవాడు కూడా వాటిలో ఉండవచ్చు. నెగ్గితే ప్రధాన సంఖ్య, తప్పితే కాదు, అని రెండు వైపులా ఖాయంగా చెప్పే పరీక్ష కావాలి.

మెర్సెన్ సంఖ్యలకు అలాంటి పరీక్షను కనిపెట్టినవాడు ఎడువార్ లూకా. 1842లో ఫ్రాన్సులోని అమియాన్ పట్టణంలో పుట్టాడు. కొంతకాలం ప్యారిస్ వేధశాలలో పనిచేశాడు, యుద్ధంలో ఫిరంగి దళంలో ఉన్నాడు, ఆ తర్వాత ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పాడు. మావంటి మాస్టారే అన్నమాట! మూడు కర్రలు, ఒకదానికన్న ఒకటి చిన్నవైన బిళ్ళలు ఉండే హనోయి గోపురం ఆట మీరు ఆడారా? 1883లో దాన్ని తయారుచేసింది ఈయనే. ఆ ఆటలో ఏడు బిళ్ళలను ఒక కర్ర నుంచి మరో కర్రకు మార్చాలంటే కనీసం 2⁷ − 1, అంటే 127 ఎత్తులు కావాలి. ఆటలో కూడా ఆయన ఈ సంఖ్యలను వదలలేదు.

ఇక ఆ పరీక్ష. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసివేయండి. మళ్ళీ వర్గం, మళ్ళీ 2 తీసివేత. 4, 14, 194... ప్రతి మెట్టులోనూ వచ్చిన దాన్ని పరీక్షించవలసిన సంఖ్యతో భాగించి, శేషం మాత్రమే ఉంచుకోవాలి. లేకపోతే సంఖ్యలు కొండల్లా పెరిగిపోతాయి. ఘాతాంకం ఎంతో, దానికి ఒకటి తక్కువ మెట్టులో శేషం సున్న వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు. ఘాతాంకం 3 గాని అంతకు మించిన ప్రధాన సంఖ్య గాని అయితే ఈ మాట రెండు వైపులా ఖాయం. (లూకా 127 కోసం వాడిన వరుస 3తో మొదలవుతుంది, 4తో మొదలై అన్నిటికీ పనికివచ్చే ఈ రూపాన్ని 1930లో అమెరికా గణితవేత్త లేమర్ చక్కదిద్దాడు. అందుకని దీన్ని లూకా–లేమర్ పరీక్ష అంటారు.)

2⁷ − 1 = 127తో చేసి చూద్దాం. ఘాతాంకం 7 కనుక ఆరో మెట్టులో సున్న రావాలి. పెన్సిలు తీసుకోండి.

మొదటిది 4. రెండోది 16 − 2 = 14. మూడోది 196 − 2 = 194. ఇది 127 కన్న పెద్దది కనుక భాగించాలి. కాని ఇక్కడ ఒక సులువు ఉన్నది. ఒక సంఖ్యను 9తో భాగిస్తే వచ్చే శేషం కోసం అంకెలు కూడతారు గదా? 10లో నుంచి ఒక 9 పోతే 1 మిగులుతుంది కాబట్టే ఆ ఉపాయం పారుతుంది. అలాగే 128లో నుంచి 127 పోతే 1 మిగులుతుంది. కనుక సంఖ్యలో 128లు ఎన్ని ఉన్నాయో, పైన ఎంత మిగిలిందో చూసి ఆ రెండూ కూడితే చాలు. 194లో 128 ఒకటి, మిగిలింది 66. కూడితే 67.

నాలుగోది: 67 × 67 − 2 = 4487. 128లు 35, మిగిలింది 7, కూడితే 42. అయిదోది: 42 × 42 − 2 = 1762. 128లు 13, మిగిలింది 98, కూడితే 111. ఆరోది: 111 × 111 − 2 = 12319. 128లు 96, మిగిలింది 31. కూడితే 127! అంటే శేషం సున్న. 127 ప్రధాన సంఖ్యే.

ఇదే 2047తో చేస్తే వరుస ఇలా వస్తుంది: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. పదో మెట్టులో సున్న రావాలి; 1736 వచ్చింది. కనుక 2047 సంయుక్త సంఖ్య. 23, 89 అనే మాటే ఎక్కడా రాలేదు చూశారా?

ఇది ఎందుకు పనిచేస్తుందో పూర్తిగా చెప్పాలంటే మీరు ఇంకా పై తరగతులకు వెళ్ళాలి. కాని ఎంత పని తప్పించిందో ఇప్పుడే చూడవచ్చు. 2¹²⁷ − 1కి కావలసినవి 125 వర్గాలు మాత్రమే. 160 కోట్ల సంవత్సరాల పని నూట పాతిక మెట్లకు దిగింది! అయితే ఆ మెట్లు తేలికైనవి కావు. ముప్పయి తొమ్మిది అంకెల సంఖ్యను వర్గం చేస్తే డెబ్బయి ఎనిమిది అంకెల దాకా వస్తాయి. దాన్ని భాగించి శేషం తీయాలి. మళ్ళీ వర్గం. ఇలా నూట పాతికసార్లు. ఒక్కచోట ఒక్క అంకె తప్పు పడితే ఆ తర్వాతిదంతా వ్యర్థం.

తప్పు గురించి ఒక మాట. మీరు ఇంత లెక్కా చేశాక చివర సున్న రాలేదనుకోండి. సంఖ్య సంయుక్త సంఖ్య కావచ్చు, లేదా మీరే ఎక్కడో పొరబడి ఉండవచ్చు, ఏదని చెప్పడం? కాని సున్న వచ్చిందనుకోండి. ముప్పయి తొమ్మిది అంకెల్లో ఏ శేషమైనా రాగల చోట, పొరబాటు చేసినవాడికి సరిగ్గా సున్నే తగలడం నమ్మదగ్గ విషయమేనా? అందుకే ఈ పరీక్షలో సున్న వస్తే ధైర్యం, రాకపోతే అనుమానం. ఈ తేడా మూలాన 67 కథ 127 కథలా తేలికగా ముగియలేదు.

అదే 1876లో లూకా 2⁶⁷ − 1 ప్రధాన సంఖ్య కాదని కూడా ప్రకటించాడు. మెర్సెన్ అవునన్నాడు, ఈయన కాదన్నాడు. ఏ సంఖ్యలు భాగిస్తాయో మాత్రం చెప్పలేకపోయాడు. పరీక్ష కారణాంకాలను చెప్పదు గదా! 1903 అక్టోబరులో న్యూయార్కులో అమెరికా గణిత సంఘం సమావేశం జరిగింది. ఫ్రాంక్ నెల్సన్ కోల్ అనే ఆచార్యుడు లేచి, నల్లబల్ల మీద ఒక పక్క 2⁶⁷ − 1ను లెక్కకట్టి, రెండో పక్క

193707721 × 761838257287

అని రాసి గుణించాడట. రెండు పక్కలా ఒకే ఫలితం వచ్చింది: 147573952589676412927. ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడనీ, సభ అంతా చప్పట్లు కొట్టిందనీ చెబుతారు. ఎన్నాళ్ళు పట్టిందని అడిగితే మూడేళ్ళ ఆదివారాలన్నాడట. మీకు ఓపిక ఉంటే గుణించండి. లేకపోతే తొమ్మిదితో సరిచూడండి: మూడు సంఖ్యల అంకెలనూ విడివిడిగా కూడుతూ పోతే మూడింటికీ చివరకు 1 వస్తుంది. 1 × 1 = 1.

కోల్ చేసిన పని నల్లబల్ల మీద అయిదు నిమిషాల్లో ఎవరైనా సరిచూడవచ్చు. ఎందుకంటే అతడు ఉన్నదాన్ని చూపించాడు. లూకా లేనిదాన్ని లేదని చూపించాడు. నా మటుకు నాకు రెండోదే గొప్పగా తోస్తుంది. చప్పట్లు మాత్రం మొదటి దానికే ఎక్కువ పడతాయి.

2¹²⁷ − 1 డెబ్బయి అయిదేళ్ళపాటు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నిటిలోకీ పెద్దదిగా నిలిచింది. యంత్రం సాయం లేకుండా చేతితో తేల్చిన ప్రధాన సంఖ్యల్లో ఇప్పటికీ అదే పెద్దది. 1951లో దాన్ని ఇద్దరు దాటారు. ఫెరియర్ బల్ల మీది గణక యంత్రంతో 44 అంకెల సంఖ్యను తేల్చాడు. కేంబ్రిడ్జిలోని ఎడ్సాక్ కంప్యూటర్ 79 అంకెల దాన్ని తేల్చింది. ఆ 79 అంకెలది ఏమిటనుకున్నారు? లూకా సంఖ్యను వర్గం చేసి, 180తో హెచ్చించి, 1 కలిపినది! 1952 జనవరిలో అమెరికాలోని స్వాక్ అనే కంప్యూటర్ లూకా–లేమర్ పరీక్షనే చేసి 2⁵²¹ − 1ను, 2⁶⁰⁷ − 1ను ఒకే రోజున ప్రధాన సంఖ్యలని చెప్పింది.

ఏ ప్రత్యేక రూపమూ లేని మామూలు సంఖ్యల మాటేమిటని మీరు అడగవచ్చు. వాటికీ కారణాంకాల కోసం వెదకకుండా, ఖాయంగా, అంకెలు పెరిగినా పని మరీ హద్దు మీరకుండా తేల్చే పద్ధతిని 2002లో మన కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనుగొన్నారు. వారిలో ఇద్దరు అప్పటికి ఇంకా విద్యార్థులే. అయినా రికార్డు సంఖ్యల వేటలో మాత్రం మెర్సెన్ సంఖ్యలదే పైచేయి. 2024 అక్టోబరులో బయటపడిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1లో 4 కోట్ల 10 లక్షల పైచిలుకు అంకెలు ఉన్నాయి. దాని మీద కూడా చివరి ముద్ర వేసింది 4, 14, 194 అని మొదలయ్యే ఆ వరుసే.

ఇప్పుడు మీ వంతు. 2⁵ − 1 = 31తో చేయండి; నాలుగు మెట్లే, నోటిలెక్క. ఆ తర్వాత 2¹³ − 1 = 8191తో చేయండి. ఇందులో 8192లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మిగిలిన దానికి కూడాలి. ఎనిమిదో మెట్టులో 36, పదకొండో మెట్టులో 128 వస్తే మీరు సరైన దారిలోనే ఉన్నారు. మా తొమ్మిదో తరగతి అమ్మాయికి మొదటిసారి ఏడో మెట్టులో తప్పు పోయింది. రెండోసారి పదకొండో మెట్టులో 128 రాగానే, 128 × 128 − 2 = 16382 అని రాసి, అది 8191కి సరిగ్గా రెట్టింపని చూసి, కాగితం పట్టుకుని నా గదికి పరుగెత్తుకొచ్చింది.